శంకరవ్వ చేతులకు

ఆ రోజు సబిత ఇంట్లో ఆరుగురు ఉన్నారు. అమ్మ వజ్రవ్వ, నాయిన కిష్టయ్య, ఉయ్యాలలో రెండేళ్ల చెల్లి లాస్య, కిటికీకి గొంగడి కట్టడానికి స్టూలెక్కిన డాక్టర్ హైమ, మాసిన బట్టల మూట కోసం వచ్చి గడపలో కూలబడిన శంకరవ్వ. ఆరో మనిషి సబిత. రిజిస్టరు గుండెకు హత్తుకుని, గోడలో కలిసిపోయినట్టు నిలబడింది. ఆ పిల్ల ఎక్కడున్నా అలాగే ఉంటుంది.

మధ్యాహ్నం పన్నెండు. తలుపు మూసి, కిటికీకి గొంగడి కట్టి, పెంకుల సందుల్లో పాత చీరలు కుక్కితే గానీ ఇంట్లోకి చీకటి రాలేదు.

"పట్టపగలు ఇల్లు చీకటి జేస్తే లచ్చిమి నిలుస్తదా డాక్టరమ్మా?" అంది శంకరవ్వ.

"రెండు నిమిషాలే అవ్వా."

"నాకేంది, నా ఇంట్ల దీపం పెట్టేది నేనే, ఆర్పేది నేనే. గా వజ్రవ్వను జూడు, బిగుసుకపోయింది."

వజ్రవ్వ నిజంగానే బిగుసుకుపోయింది. ఆ నెలలో లాస్యకు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేసి, పిడికిళ్లు బిగించి, నోట నురగ కక్కింది. పొద్దున డాక్టరమ్మ ఆ పిల్లకు ఒక చెంచా జాడనీరు తాగించింది. ఇప్పుడు అందరూ ఉయ్యాల చుట్టూ మూగి చూస్తున్నారు.

ముందు పళ్లు కనిపించాయి.

పిల్ల నోరు మూసే ఉంది. అయినా పెదాల వెనక నుంచి పాలపళ్లు ఒక్కొక్కటే నీలంగా తేలాయి. గ్యాస్ పొయ్యి మంట రంగు. తర్వాత మణికట్టు, తర్వాత మోకాలి చిప్పలు, తర్వాత పక్కటెముకలు సన్నటి దువ్వెన పళ్లలా. ఎముకల్లోని వెలుగు చర్మం దాటి బయటికి వస్తుంటే లాస్య నిద్రలో చప్పరించుకుంది.

వజ్రవ్వ కేక పెట్టింది. కిష్టయ్య డాక్టరమ్మ భుజం పట్టుకుని గుంజాడు. "నా బిడ్డ లోపట మంటేంది? ఏం తాపినవ్?"

"మంట కాదు కిష్టయ్యా. సీసం. నువ్వు బట్టీలో కరిగించే సీసమే. నేను తాగించిన నీళ్లు దాన్ని చూపిస్తాయంతే." డాక్టర్ హైమ చిన్న పిచికారి సీసా తీసింది. దాంతో ఉయ్యాల గుడ్డ మీద ఒకసారి చల్లింది.

గుడ్డంతా భగ్గుమంది. ఆ గుడ్డ కిష్టయ్య లుంగీ. నాయిన లుంగీతో ఉయ్యాల కడితే పిల్ల నిద్రలో బెదరదంటారు. లాస్య పుట్టిన దగ్గర్నుంచీ అందులోనే పడుకుంటోంది. ఆ అంచు చీకుతూ పళ్లు తెచ్చుకుంది.

కిష్టయ్య లుంగీ అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత మెల్లిగా, "ఉతికిందే గదా. శంకరవ్వ ఉతికి ఇచ్చిందే గదా," అన్నాడు.

"అగో, నా మీదికొచ్చెనా! మీ బట్టీ బట్టలు ఎట్లుంటయో ఎర్కనా నీకు? బట్టలుడికే బాన మీది ఆవిరి గూడ నోటికి తియ్యగ తగుల్తది." శంకరవ్వ రెండు చేతులూ చాపింది. "ఇగో, నా చేతుల మీద గూడ చల్లు డాక్టరమ్మా. జూద్దాం."

డాక్టరమ్మ చల్లింది. గోళ్ల సందులు, వేళ్ల గణుపులు, అరచేతి పగుళ్లు మోచేతుల దాకా వెలిగాయి. గదిలో అందరి ముఖాలూ ఆ వెలుగులో కనిపించాయి.

శంకరవ్వ పకపకా నవ్వింది. "గోరింటాకు పెట్టినట్టుంది! అరవై ఏండ్లకు నాకు పెండ్లి జేస్తరా ఏంది?"

ఇంకెవరూ నవ్వలేదు. డాక్టరమ్మ పది అంకెల రంగుల పట్టీ ఆమె చేతుల పక్కన పెట్టి పోల్చి, సబిత వైపు చూసి అంకె చెప్పింది. సబిత ఆ నీలి వెలుగులోనే రాసింది. శంకరవ్వ, చేతుల విషం, తొమ్మిదిన్నర.

* * *

బట్టీ ఊరికి ఉత్తరాన ఉంది. ఆటోలవీ లారీలవీ పాత బ్యాటరీలు అక్కడికి వస్తాయి. మగవాళ్లు వాటిని సుత్తులతో పగలగొట్టి, లోపలి పలకలు కొలిమిలో వేసి, సీసం దిమ్మెలు పోస్తారు. దాని వెనక ఒక కుంట ఉంది. అందులో కప్ప లేదు, నాచు లేదు, దోమ కూడా గుడ్డు పెట్టదు. అన్నీ చచ్చిన ఆ కుంటలో ఒక్క సూక్ష్మజీవి మాత్రం బతికి ఉందని డాక్టర్ హైమ కనిపెట్టింది. అది సీసాన్ని తిని వెలుగుతుంది. దాన్ని పట్నం తీసుకుపోయి మూడేళ్లు సాకి, మచ్చిక చేసి, చర్మం మీద చల్లినా కడుపులోకి పోయినా హాని చెయ్యకుండా సీసం జాడ మాత్రం చూపించేలా చేసింది. ఆమె పెట్టిన పేరు పొడుగ్గా ఉండి ఎవరి నోరూ తిరగలేదు. జాడనీరు అన్నది సబిత పెట్టిన పేరు.

విరిగిన బెంచీలు పడేసే బడి గదిని డాక్టరమ్మ ప్రయోగశాల చేసుకుంది. రిజిస్టరు రాయడానికి ఒక పిల్ల కావాలంటే హెడ్మాస్టరు సబితను చూపించాడు. పదో తరగతి దాకా ఆ పిల్ల గొంతు విన్నవాళ్లు లేరు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. రాత మాత్రం ముత్యాలు పేర్చినట్టుండేది. నోటితో చెప్పుకోలేనివన్నీ ఇంటికి పోయి నోటుబుక్కులో రాసుకునేది.

"విషం అంటే వస్తువు కాదు సబితా, కొలత," అనేది డాక్టరమ్మ సీసాలు కడుగుతూ. "ఉప్పు కూడా శేరెడు మింగితే చంపుతుంది. కానీ సీసం దగ్గర ఇంతవరకు పర్లేదు అనే గీత పిల్లల్లో ఎవరికీ దొరకలేదు."

"లోపటికి ఎట్ల పోతది మేడమ్?"

"ఊపిరితో, నోటితో. ఒంట్లోకి పోయాక అది సున్నం వేషం కడుతుంది. పగటివేషగాడిలాగ. ఎముక దాన్ని చూసి మనవాడే అనుకుని లోపలికి రానిస్తుంది. రక్తంలో నెల ఉంటుంది. ఎముకలో చొరబడితే ఇరవై ఏళ్లు తిష్ట వేస్తుంది. మెదడుకు ఎక్కితే చిన్నపిల్లలకు ఫిట్స్, పెద్దవాళ్లకు కోపం. ఊరికే కోపం."

సబిత రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. నాయిన ఒకప్పుడు కోడిని కొయ్యమంటే కూడా మొహం పక్కకు తిప్పుకునే మనిషి. మొన్న అన్నంలో మెతుకు పలుకుగా ఉందని కంచం విసిరితే అమ్మ కనుబొమ్మ చీలింది. నాలుగు కుట్లు పడ్డాయి. కొట్టాక గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఏడుస్తూనే గోడను గుద్దాడు.

"ఇంకొకటి. ఇది ఎప్పుడూ మర్చిపోకు," అంది డాక్టరమ్మ. "జాడనీరు ఎంత విషం పడిందో చెబుతుంది. ఎవరు పోశారో చెప్పదు. ఎక్కువ వెలిగేవాళ్లు ఎక్కువ దెబ్బ తిన్నవాళ్లు."

సబిత ఆ మాటను తన నోటుబుక్కులో రాసుకుంది. రిజిస్టరులో రాయలేదు. రిజిస్టరులో అంకెలే ఉండాలి కదా అనుకుంది.

రిజిస్టరుకు గళ్లు గీసిందీ సబితే. గడి పైన 'చేతులకు అంటిన విషం' అని రాయమని డాక్టరమ్మ చెప్పింది. గడి ఇరుకైంది. ముత్యాల్లాంటి అక్షరాలు అందులో కుక్కడానికి సబితకు మనసొప్పలేదు. ఒక 'కు', ఒక 'అంటిన' ఎగరగొట్టి 'చేతుల విషం' అని అందంగా రాసింది. డాక్టరమ్మ చూసి, "భలే కుదిరింది," అంది. ఆమెది వేరే జిల్లా. ఆమె చెవికి ఆ మాటలో ఏ తేడా వినిపించలేదు.

శంకరవ్వ అంకె డాక్టరమ్మకు నిద్ర పట్టనివ్వలేదు. పదేళ్లుగా బట్టీ నడుస్తోంది, ఫిట్స్ మాత్రం ఏడాది నుంచే. బట్టీలో పనిచేసే నలభై మందినీ అడిగింది. చివరికి ఏడాది కింద ఏం మారిందో చెప్పింది శంకరవ్వే.

"ముందుగాల బట్టీ కాడ స్నానాల తొట్టి ఉండె. మొగోళ్లు ఆడ్నే కడుక్కుని, బట్టలు ఆడ్నే ఇడిసి, తెల్లబట్టలేసుకుని ఇంటికొస్తుండె. పోయినేడు ఓనరు తొట్టి కూలగొట్టి ఆ జాగల బ్యాటరీలు పోసిండు. అప్పటిసంది గా బొగ్గు బట్టలతోని ఇండ్లళ్లకొస్తున్నరు, గవ్వే నా బానలకొస్తున్నయి. పిల్లల బట్టలు, గవ్వి, అన్ని ఒక్క బానలనే ఉడుకుతయి. ఇంకో బాన నాకెవడు కొనిస్తడు?" తంబాకు నలిపి నోట్లో పెట్టుకుంటూ చెప్పింది. తొమ్మిదిన్నర అంకె చేతులతోనే నలిపి పెట్టుకుంది.

"అవ్వా, చెయ్యి కడుక్కుని..." అని సబిత అనబోయింది. చివరికి ఆ మాట కూడా నోటుబుక్కులోనే రాసుకుంది.

* * *

మంగళవారం, బట్టీలో పనిచేసే అంజయ్య కొడుకు చనిపోయాడు. ఏడేళ్ల పిల్లాడు. ఫిట్స్ వచ్చి, బడి మెట్ల మీద తల బాదుకుని, బాదుకుని పోయాడు. నెలలో అది మూడో చావు. అంజయ్య కొడుకును బొంద పెట్టి వచ్చి, తన ఎడ్లబండి చక్రాలు గొడ్డలితో నరికాడు. ఆపబోయిన తమ్ముడి చెవి తెగింది.

ఊరు గుసగుసలాడింది. బాణామతి, ఎవరో చేతబడి చేశారు అంది. మూడు శవాలకూ పళ్లు నల్లబడ్డాయని ఒకరు, నిమ్మకాయ దొరికిందని ఇంకొకరు. ఎవరో ఒకరి పేరు కావాలి. ఆ పేరు కోసం ఊరంతా నాలుక చాపుకుని కూర్చుంది.

"అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చూపించేస్తే ఈ పిచ్చి వదులుతుంది," అంది డాక్టరమ్మ. "కళ్లారా చూస్తే తొట్టి అడుగుతారు. బట్టీ మూయిస్తారు. రిజిస్టరు నువ్వే చదవాలి సబితా. నేను బయటిదాన్ని, నా మాట నమ్మరు. నువ్వు వాళ్ల పిల్లవి."

"నేనా? అందరి ముందట?"

"తలెత్తకు. కాగితం చూసి చదువు. పెద్ద అంకె నుంచి మొదలుపెట్టు."

సబిత ఆ రాత్రి నోటుబుక్కులో ఒకే వాక్యం పదిసార్లు రాసుకుంది. నేను గట్టిగా చదువుతాను.

* * *

శనివారం పన్నెండు గంటలకు పంచాయతీ హాలు కిటికీలన్నింటికీ గొంగళ్లు కట్టారు. గుమ్మం దగ్గర డాక్టరమ్మ నిలబడి, లోపలికి వచ్చే ప్రతి ఒక్కరి చేతుల మీదా జాడనీరు చల్లింది. బట్టీ మగవాళ్లందరూ వచ్చారు. శంకరవ్వ ముందు వరసలో ఆడవాళ్లతో కూర్చుని, "ఇయ్యాల నా గోరింటాకు జూపిస్త, జూడుండ్రి," అని మోచేత్తో పక్కామెను పొడిచింది. అందరికన్నా చివర ఓనరు వచ్చాడు. తెల్లటి చొక్కా. నవ్వుతూ రెండు చేతులూ తనే చాపి చల్లించుకుని, ముందు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

తలుపులు మూశారు.

నలభై మంది మగవాళ్ల పిడికిళ్లు చీకట్లో నీలంగా తేలాయి. ఎవరి చేతులు వాళ్లు తిప్పి తిప్పి చూసుకున్నారు. ఆడవాళ్ల చేతులు వాకిళ్లలో బట్టీ దుమ్ము ఊడ్చినంత మేర వెలిగాయి. ముందు వరసలో ఒక్కచోట వెలుగు ఎంత ఉందంటే, చుట్టూ ఉన్న చీరల రంగులు కూడా కనిపించాయి. ఆ పక్కన కుర్చీలో మాత్రం చీకటి. అక్కడ మనిషి ఉన్నాడన్న సంగతే తెలియడం లేదు.

"చదువు సబితా," అంది డాక్టరమ్మ.

సబిత టార్చిలైటు కాగితం మీద పెట్టింది. తలెత్తలేదు. మొదటి వరస చదివింది.

"శంకరవ్వ చేతుల విషం, తొమ్మిదిన్నర."

గొంతు పీలగా వచ్చింది. వెనక నుంచి అంజయ్య లేచాడు. "ఏమన్నవ్? ఇనవడలె. మల్ల సదువు."

సబిత గుండె నిండా గాలి పీల్చుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి. ఆ గొంతు హాలు నాలుగు గోడలకూ తగిలింది.

"శంకరవ్వ చేతుల విషం!"

అప్పుడు తను చదివింది తన చెవికే తగిలింది. ఊరి మాటలో చేతుల కట్టె అంటే చేతిలో పట్టుకున్న కట్టె. చేతుల కత్తి అంటే చేతిలో పట్టుకున్న కత్తి. పుట్టినప్పటి నుంచి ఆ మాటే వింటూ, ఆ మాటే మాట్లాడుతూ, కాగితం మీద గడి అందంగా ఉండాలని...

"చేతులకు!" అంది సబిత. "చేతులకు అంటిన..."

"ఇన్నరా? శంకరవ్వ చేతుల విషమున్నదట!" ఎవరో అరిచారు.

"మా బిడ్డల బట్టలన్ని ఆమె చేతులకెల్లే వస్తయి!"

"నా కొడుకు అంగీ! సచ్చిననాడు ఏస్కున్న అంగీ గామె ఉతికిందే!" అంజయ్య గొంతు చిరిగిపోయింది.

శంకరవ్వ నవ్వుతూనే లేచింది, ఇంకా అదేదో సరసమనుకుంది కాబోలు. "ఓరి అంజిగా, గది నాకు అంటిందిరా, నేను పెట్టింది గాదు..."

డాక్టరమ్మ అడ్డుపడింది. "ఆగండి! వెలిగేవాళ్లు దోషులు కాదు! దెబ్బ తిన్నవాళ్లు! తొట్టి ఎవరు కూల్చారో అడగండి, ఆయన్ని అడగండి!"

అప్పుడు ఓనరు నిదానంగా లేచి రెండు చేతులూ పైకెత్తాడు. ఆ చేతులు ఎవరికీ కనిపించలేదు.

"నా చేతులు జూడుండ్రి. ఉన్నదా విషం? డాక్టరమ్మ నీళ్లే సాక్ష్యం. నేనేమన్న అంటున్ననా? నీళ్లు అంటున్నయి."

ఆ మాటతో హాలు విరుచుకుపడింది. నీలి పిడికిళ్లు అన్నీ ఒక్క వైపుకే కదిలాయి. ముఖాలు లేవు, ఒళ్లు లేవు, చీకట్లో పిడికిళ్లు మాత్రమే లేస్తూ, దిగుతూ ఉన్నాయి. దిగినచోటల్లా మెత్తటి చప్పుడు వచ్చింది. మధ్యలో ఇంకా ప్రకాశంగా ఉన్న రెండు చేతులు తలను కాచుకోడానికి పైకి లేచాయి. ఒకటి కిందికి పోయింది. మళ్లీ లేచింది. బల్ల మీద జాడనీటి జాడీ పగిలింది. నీలి వెలుగు నేల మీద పారి, తొక్కిన కాళ్లన్నీ వెలిగించుకుంటూ గుమ్మం దాకా పోయింది. డాక్టరమ్మ తల మీద కుర్చీ కోడు పడింది. ఆమె గోడకు జారింది.

"చేతులకు!" సబిత అరిచింది. "నాయినా! చేతులకు!" ఒక మోచెయ్యి ఆమె నోటిమీద తగిలింది. పెదవి చిట్లి ఉప్పగా రక్తం వచ్చింది.

ఎవరో తలుపులు బార్లా తెరిచారు. ఎండ లోపలికి పడింది. ఎండలో ఎవరి చేతులూ వెలగలేదు. అందరి చేతులూ ఒక్కలాగే ఉన్నాయి.

అప్పుడైనా ఆగుతారనుకుంది సబిత. ఆగలేదు. శంకరవ్వను జుట్టు పట్టుకుని రేవుకు ఈడ్చుకుపోయారు. దారి పొడుగునా ఆమె చీర చిరిగిన పేలికలు ముళ్లకు పట్టుకున్నాయి. సబిత వెనకే పరుగెత్తింది. చేతిలో రిజిస్టరు ఇంకా ఉంది, ఎందుకు పట్టుకుందో తెలియదు.

రేవులో శంకరవ్వ బండ ఉంది. నలభై ఏళ్లు ఊరి బట్టలు బాదీ బాదీ నున్నగా అరిగిన నల్లరాయి. ఆమెను దాని ముందు మోకాళ్ల మీద పడేశారు. "చేతులే గదా. చేతులు లేకపోతే సరి," అన్నాడు అంజయ్య. అతని చేతిలో బట్టీ సుత్తి ఉంది. బ్యాటరీలు పగలగొట్టే సుత్తి.

"పట్టుకోండ్రి!"

రెండు చేతులు ముందుకు వచ్చి శంకరవ్వ మణికట్లను బండకు నొక్కి పట్టుకున్నాయి. గోరు చిట్లిన బొటనవేలు. అది సబితకు తెలుసు. చిన్నప్పుడు నడక నేర్చుకున్నప్పుడు పట్టుకుని నడిచిన వేలు అది.

"నాయినా, ఇడిసిపెట్టు! నేను తప్పు సదివిన! నాయినా!"

కిష్టయ్య తల తిప్పి చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్లలో కూతురు ఎవరో గుర్తుపట్టిన జాడ లేదు. "నా బిడ్డ పండ్లు మండుతున్నయి," అన్నాడు. "నువ్వు జూసినవ్ గదా. పండ్లు మండుతున్నయి."

సుత్తి మూడుసార్లు లేచింది. మొదటి దెబ్బకు శంకరవ్వ అరిచింది. రెండో దెబ్బకు ఆమె కిష్టయ్య ముఖంలోకి చూసి, "నీ పెండ్లిబట్టలు ఉతికినరా," అంది. మూడో దెబ్బకు ఆమె తల బండ మీదికి వాలింది. బండ మీద నుంచి రక్తం నీళ్లలోకి జారి, పొద్దున నానేసిన చిన్నపిల్లల చొక్కాలకు అంటుకుంది.

* * *

పోలీసులు పదకొండు మందిని తీసుకుపోయారు. అంజయ్య జీపులో కూడా పిడికిలి విప్పలేదు. కిష్టయ్యను దవాఖానాలో పరీక్ష చేస్తే రక్తంలో సీసం గీత దాటి ఎక్కడో ఉంది. అది కోర్టులో చెప్పుకోవచ్చని వకీలు అన్నాడు. కిష్టయ్య వద్దన్నాడట. "సీసం చెయ్యి పట్టుకోలె. నేనే పట్టుకున్న," అన్నాడట.

లాస్యను పట్నంలో పెద్దాసుపత్రిలో చేర్పించారు. పంతొమ్మిది రోజులు సూదులు వేస్తే సీసం కొంత మూత్రంలో పోయింది. ఫిట్స్ ఆగాయి. ఎముకలో దాగింది మాత్రం మెల్లిగా వస్తుంది, ఏళ్లు పడుతుంది అన్నారు. ఉయ్యాల కట్టిన లుంగీని వజ్రవ్వ తగలబెట్టబోతే, పొగ కూడా విషమే అని సబిత గుంట తీసి పూడ్చింది.

వజ్రవ్వ కూతురితో మాట్లాడడం మానేసింది. ఒక్కసారే మాట్లాడింది. "పుట్టినప్పటిసంది నోరు మూస్కోనే ఉంటివి. గా ఒక్కనాడు గూడ మూస్కుంటే ఏం పోయేది?"

డాక్టర్ హైమ తలకు పద్నాలుగు కుట్లు. ఆ జీవి అంతా ఉన్నది ఆ ఒక్క జాడీలోనే, అది పగిలినప్పుడు మొత్తం పోయింది. మళ్లీ తెచ్చుకుందామంటే, ఓనరు కుంటను మట్టితో పూడ్పించేశాడు. బట్టీ ఇరవై రోజులు మూసి మళ్లీ తెరిచారు. తొట్టి కట్టలేదు. ఆస్పత్రి మంచం మీద డాక్టరమ్మ సబిత చెయ్యి పట్టుకుని, "తప్పు నీ ఒక్కదానిదే కాదు. కళ్లకు చూపిస్తే చాలనుకున్నాను. చూసింది చదవడం ముందు నేర్పాల్సింది," అంది. సబిత చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ రాసినదాన్ని ఎలాగైనా సరిదిద్దాలి. మూడు నెలలు సబిత తలలో అదొక్కటే తిరిగింది. శంకరవ్వ బతికే ఉంది. రాయచెరువు అనే ఊళ్లో కూతురు బాలమణి ఇంట్లో ఉంటోందని తెలిసింది. ఒకరోజు కాలేజీ ఎగ్గొట్టి రెండు బస్సులు మారి పోయింది. సంచిలో రిజిస్టరు ఉంది. గడి మీద ఎర్ర సిరాతో దిద్దింది. అక్షరాలు గడి దాటి అంచు మీదికి పాకాయి. అందంగా లేదు. చేతులకు అంటిన విషం.

పొద్దున పది గంటలు. బాలమణి అరుగు మీద కూర్చుని తల్లికి సద్దన్నం ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. శంకరవ్వ ఒళ్లో రెండు చేతులూ ఉన్నాయి. కట్లు విప్పేశారు. వేళ్లు ఏవి ఎటు పోవాలో అటు లేవు.

బాలమణి సబితను గుర్తుపట్టి కంచం కింద పెట్టింది. "ఎందుకొచ్చినవ్? మీ నాయినను ఇడిపిచ్చమని కాయిదం దెచ్చినవా?"

"కాదక్కా." సబిత గొంతు ఈసారి దాక్కోలేదు. "అవ్వా, నేను తప్పు రాసిన. తప్పు సదివిన. 'శంకరవ్వ చేతులకు' అని రాయాలె. నీ చేతులకు అంటిన విషం. నువ్వు పెట్టింది కాదు, నీకు అంటింది. అందరికన్న ఎక్కువ నీకే అంటింది. ఇగో, దిద్దిన. కోర్టుల గూడ నిలబడి గట్టిగ సదువుత. మా నాయిన మీద గూడ సదువుత."

రిజిస్టరు తెరిచి రెండు చేతులతో చాపింది. శంకరవ్వ ఆ ఎర్ర అక్షరాల వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. నవ్వుతుందేమో అనిపించింది సబితకు, ఆ పాత పకపక.

"ఒక్క 'కు' అంటవ్," అంది శంకరవ్వ. "గంతేనా?"

"గంతే అవ్వా."

శంకరవ్వ బాలమణి భుజం మీద బరువేసి లేచింది. లోపలికి నడిచింది. బాలమణి ఆమె వెనకే పోయింది. సబిత మెట్టెక్కి, తలుపు రెక్క పట్టుకుంది.

"ముట్టకు బిడ్డా," అంది శంకరవ్వ లోపలి నుంచి. కోపంగా అనలేదు. ఎప్పుడో చిన్నప్పుడు ఉడుకుతున్న బాన దగ్గరికి సబిత పోతే అన్నట్టే అంది. "నేను రోజు ముట్టే తలుపది. నా చేతుల విషమున్నదంటివి గదా. నీకంటుతది."

సబిత చెయ్యి తీసింది. శంకరవ్వ మోచేత్తో తలుపు నెట్టింది. సగం పడింది. రెండోసారి భుజంతో నెట్టింది.